ఊరటమ్మ తోటలో కత్తి తగలని పొద

శ్రీ ఊరటమ్మ తల్లి దర్శనానికి విచ్చేసిన భక్తులకు స్వాగతం. ముల్లెలపాడు అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి, ఎర్రమట్టి దారిన కొండకేసి నడిచి వస్తే మీకు ముందుగా గుడి కనపడదు, తోట కనపడుతుంది. చాలామంది ఇక్కడే తికమకపడి, "గుడి ఎక్కడండీ?" అని అడుగుతూ తోట చుట్టూ ఒకసారి తిరిగేస్తారు. ఆ తిరగడం ప్రదక్షిణం కిందే లెక్క, దిగులు పడనక్కరలేదు. గుడి వేరే లేదు. తోటే గుడి.

ఈ తోటలో కంచె పొడవునా కనిపించే పొదలను నులితడ అంటారు. కొండ అడవుల్లో పుట్టే మొక్క ఇది. ఆకు వెడల్పుగా, అంచున రంపపు పళ్ళతో, పిల్లి నాలుకలా గరుకుగా ఉంటుంది. వానాకాలంలో ఎర్రగా పూస్తుంది. పూసిన పువ్వు పాతబడేకొద్దీ ఎరుపు పోయి బూడిద కలిసిన నీలంలోకి దిగుతుంది. అందుచేత ఒకే కొమ్మ మీద రెండు రంగులూ ఉంటాయి. ఇక కాయ సంగతి చెప్పనే అక్కరలేదు. ఎవరో పనిగట్టుకుని కూర్చుని పేనిన తాడు ముక్కలా మెలికలు తిరిగి ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన పిల్లలు దీన్ని చేతిలో పట్టుకుని, "ఇది నిజంగా చెట్టుకే కాసిందా?" అని అడుగుతుంటారు. చెట్టుకే కాసింది నాయనా.

తోటకు ఈశాన్య మూలన, మిగతా వాటికన్నా ఎత్తుగా, ఇష్టం వచ్చినట్టు కొమ్మలు చాచుకుని ఒక పొద ఉంది చూడండి. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, ముందు ఒక అరుగు, కొమ్మలకు పసుపు గుడ్డలు. విగ్రహం ఏదని అడగకండి. ఆ పొదే అమ్మవారు. ఆమె ఇక్కడికి వచ్చిన తీరు మిగతా క్షేత్రాల కథల్లా ఉండదు. పుట్టలోంచి రాలేదు, నాగలికి తగల్లేదు, ఏ మునీ తపస్సు చేయలేదు. ఎలా వచ్చిందో చిత్తగించండి.

పూర్వం ఇక్కడ కదిరప్ప నాయుడు అనే దొర ఉండేవాడు. ఆయనది పెద్ద రాజ్యమేమీ కాదు. కొండెక్కి గట్టిగా కేకేస్తే వినపడేంత మేర, అంతే. ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది, ప్రేమంతా కూతురి మీద ఉండేది. ఆ పిల్ల పేరు కోనమ్మ. చిన్నతనంలో ఒకనాడు తండ్రితో కొండకు పోయి, నులితడ పూలనూ, వాటి చుట్టూ ముసిరిన తేనెపిట్టలనూ చూసి, "నాయనా, ఈ చెట్టు మన తోటలో ఉండాలి" అని అక్కడే కూర్చుండిపోయింది. కూతురు అడిగాక ఇంకేముంది? తోటమాలి గుర్రప్పకు కబురు పోయింది.

గుర్రప్ప మొక్కల పని తెలిసినవాడే. అయినా అడవి మొక్కను ఇంటి మొక్కలా గారాబం చేశాడు. కొండ మీంచి తవ్వి తెచ్చిన వాటికి ఉదయం సాయంత్రం కడవలతో నీళ్ళు పోశాడు. రాతిగడ్డల మధ్య, చినుకు కోసం మొగం వాచి బతికే మొక్కకు అంత మర్యాద ఎక్కడ సహిస్తుంది? వేళ్ళు కుళ్ళి అన్నీ పోయాయి. పోనీలే అని విత్తనాలు తెచ్చి మూకుళ్ళలో వేసుకుని కూర్చుంటే, ఎంతకీ మొలక లేదు. ఆ గింజ పెంకు అంత మొండిది. ఒకరోజు అతని భార్య మారెక్క, పరధ్యానంలో, వార్చిన వేడి గంజి తెచ్చి ఆ మూకుళ్ళలోనే పారబోసింది.

"ఓసి నీ చేతులు పడ! నా విత్తనాలు ఉడకేశావు గదే!" అన్నాడు గుర్రప్ప నెత్తిన చేతులు పెట్టుకుని.

"ఉడికితే తిందువులే. మొలిస్తే చూద్దువులే" అని ఆమె గిన్నె దులుపుకుని లోపలికి పోయింది.

మొలిచాయి! వేడి తగిలి పెంకు మెత్తబడిందన్నమాట. నాటి నుంచి నేటి వరకు ఈ తోటలో నులితడ గింజను వేడినీళ్ళలో నానబెట్టకుండా మట్టిలో వేయరు. అలా దొరగారింటి చుట్టూ నులితడ పొదలు పెరిగాయి. పూలు పూశాయి. తేనెపిట్టలు కొండ దిగి వచ్చాయి. కోనమ్మ ఆ పొదల మధ్యే పెరిగి పెద్దదై, పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది.

తర్వాత ఆమె కడుపుతో ఉందని తెలిసి, పురిటికి పుట్టింటికి తీసుకువచ్చారు. దిగబెట్టడానికి వియ్యపురాలు కూడా వచ్చింది. ఆవిడకు నోరు కాస్త పెద్దది. తోటంతా తిరిగి చూసి, అందరూ వింటుండగా, "అన్నయ్యగారూ, ఇది తోటా, అడవా? మా మేక గనక ఇందులో దూరిందంటే మళ్ళీ పండక్కి గాని దొరకదు" అన్నది. అందరూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. కానీ ఆయన నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

వియ్యపురాలి బండి ఊరు దాటగానే గుర్రప్పను పిలిపించాడు.

"బారసాలకి ఆవిడ మళ్ళీ వస్తుంది. అప్పటికి పొదలన్నీ ఒక్క ఎత్తున ఉండాలి. పైన పళ్ళెం పెడితే ఒరగకూడదు. ఒక ఆకు ఇంకో ఆకును మించిందా, నిన్ను మించినవాణ్ణి తెచ్చి తోటలో పెట్టుకుంటా."

గుర్రప్ప గుంజలు పాతి, దారం లాగి కట్టి, దారం మీదికి లేచినదాన్నల్లా మచ్చుకత్తితో కొట్టేయడం మొదలుపెట్టాడు. అవి వాన రోజులు. నులితడకు మొగ్గ పుట్టేది కొమ్మల కొనల్లో. ఆ కొనలే అతను కొట్టేస్తున్నాడు. కొట్టినచోట మళ్ళీ చిగురిస్తే మళ్ళీ కొడుతున్నాడు. పొదలు నవారు మంచాల్లా చదునుగా తయారయ్యాయి. చూసినవాళ్ళు మెచ్చుకుంటుంటే గుర్రప్పకు ఒళ్ళు పొంగింది. పూలు లేవన్న సంగతి అతనికీ తట్టలేదు, దొరకీ తట్టలేదు. తేనెపిట్టలకు మాత్రం తట్టింది. అవి రావడం మానేశాయి.

ఈశాన్య మూలనున్న పొద ఒక్కటి మిగిలింది. దాని కొమ్మకు తేనెపిట్ట గూడు ఒకటి వేలాడుతోంది. సాలెపట్టూ, బెరడు పీచూ కలిపి అల్లిన చిన్న సంచి. అందులోంచి తల్లిపిట్ట ముక్కు బయటికి పెట్టి చూస్తోంది. నీళ్ళకు వచ్చిన మారెక్క దాన్ని చూసింది.

"ఏమయ్యో, దీన్ని కొట్టమాకు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగు."

"ఆగితే? దొర వచ్చి ఇదెందుకు లేచి ఉందిరా అంటే, పిట్ట గుడ్లు పెట్టింది సామీ అని చెప్పనా? నా వీపు మీద పెడతాడు గుడ్లు."

గుర్రప్ప కత్తి నూరుకుందామని అటు పోయాడు. మారెక్క పొదను చూసింది, గూడును చూసింది, అటూ ఇటూ చూసింది. గబగబా ఇంట్లోకి పోయి పసుపు ముంచిన గుడ్డ తెచ్చి కొమ్మకు కట్టింది. పొద మొదలు దగ్గర కుంకుమ చల్లింది. జుట్టు విరబోసుకుని పొద ముందు చతికిలబడి, కళ్ళు మూసుకుంది. గుర్రప్ప నూరిన కత్తితో తిరిగి వచ్చేసరికి, "ఇక్కడ అమ్మ వెలిసింది. నా చెవిలో చెప్పింది. ఈ పొద మీద కత్తి పడితే ఊరుకోదంట!" అని ఊగడం మొదలుపెట్టింది.

ఇదంతా ఒట్టి నటన. పిట్ట పిల్లలకు రెక్కలు రాగానే గుడ్డ విప్పేద్దామన్నదే ఆమె ఆలోచన. కానీ గుర్రప్ప ఎంత భక్తిపరుడో ఆమె లెక్కలో వేసుకోలేదు. కత్తి పారేసి, సాష్టాంగపడి, లేచి, అటునుంచి అటే దొర దగ్గరికి పరుగెత్తాడు. దొర కూడా, ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉండగా అమ్మవారితో మనకెందుకు అనుకుని, స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. దొర కొట్టాక ఊరు ఊరుకుంటుందా? పిట్ట పిల్లలు ఎగిరిపోయిన నాడు మారెక్క గుడ్డ విప్పుదామని వెళితే, ఆమె గుడ్డ ఏదో ఆమెకే దొరకలేదు. దాని మీద ఊరివాళ్ళ గుడ్డలు అన్ని ఉన్నాయి.

"అమ్మ పేరేంటి మారెక్కా?" అని ఆడవాళ్ళు అడిగేవారు.

"ఇంకా చెప్పలేదు" అనేది ఆమె, తల దించుకుని.

నాటి నుంచి మారెక్కకు తిండి సహించలేదు, కంటికి కునుకు లేదు. ఎవరు వచ్చి ఆమె కాళ్ళకు మొక్కినా, ఆ కాళ్ళు వెనక్కి లాక్కునేది. ఆమె వినయం చూశారా అని ఊరు ఇంకా మొక్కేది. ఇంతలో కత్తి తగలని ఆ ఒక్క పొద దండిగా పూసింది, దండిగా కాసింది. మెలి తిరిగిన కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. అమ్మవారి సొత్తని ఎవరూ ముట్టుకోలేదు.

కోనమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బారసాల దగ్గరపడుతుండగా, ఒకనాటి తెల్లవారుజామున బిడ్డ ఏడుపు అందుకుంది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, ముఖం కందగడ్డలా చేసుకుని ఒకటే ఏడుపు. పొట్ట డప్పులా బిగిసిపోయింది. పాలు పడితే పట్టడం లేదు. బొడ్డు చుట్టూ ఇంగువ రాశారు. తమలపాకుకు ఆముదం పూసి వెచ్చచేసి వేశారు. వాము నీళ్ళు చుక్కలుగా పోశారు. దేనికీ లొంగలేదు. మధ్యాహ్నానికి ఏడుపు సన్నబడింది. అప్పటిదాకా ఏడుపు ఆగితే బాగుండుననుకున్నవాళ్ళకే, అది ఆగిపోతుంటే గుండెలు జారిపోయాయి.

అప్పుడు దొర తల్లి, పెద్ద దొరసాని తిరువెంగళమ్మ, గుర్తుకు తెచ్చుకుని, "నులితడ కాయ తెండిరా! చనుబాలతో సాన మీద అరగదీసి నాలిక్కి రాస్తే కడుపులో మెలి విడుస్తుంది. కదిరప్పా, నీకూ అదే రాశాను" అన్నది.

హమ్మయ్య అనుకున్నారు అందరూ. నులితడకేం కరువు? ఇంటి చుట్టూ అదే కదా! తోటలోకి పరుగెత్తారు. ఒక పొద, ఇంకో పొద, ఇంకోటి. చదునుగా, ముచ్చటగా, పళ్ళెం పెడితే ఒరగకుండా ఉన్నాయి. ఒక్కదానికీ కాయ లేదు.

"ఇన్ని పొదలున్నాయి, కాయ ఏదిరా?" అని అరిచాడు దొర.

"కొనలు కొట్టేశాను సామీ" అన్నాడు గుర్రప్ప. "పూత పుట్టేది కొనల్లోనే…"

"ఎవడు కొట్టమన్నాడు నిన్ను?"

గుర్రప్ప తలెత్తి దొరకేసి చూశాడు. ఎవరు కొట్టమన్నారో దొరకే గుర్తుకొచ్చి, ఆయన గుర్రాల మీద మనుషులను కొండకు పరుగెత్తించాడు.

కొండకు పోయిన మనుషులు గుర్రాల నోట నురగలతో తిరిగి వచ్చారు. ఆ వేసవిలో కొండ తగలబడింది. కాలిన మోళ్ళ నుంచి నిటారుగా లేచిన లేత చువ్వలే తప్ప, కాయ పట్టిన కొమ్మ ఒక్కటీ లేదన్నారు.

ఇక ఉన్నది ఈశాన్య మూల పొద. అందరికీ కనపడుతోంది. ఎవరూ దాని పేరెత్తరు. చివరికి దొర అటు అడుగు వేశాడు. గుర్రప్ప పరుగున పోయి అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను నరకండి సామీ. అమ్మ సొత్తు ముడితే బిడ్డకే ముప్పు."

దేనికీ వెనకాడని దొర ఆ మాటకు వెనకాడాడు. అప్పుడు కోనమ్మ, పచ్చి బాలింత, బిడ్డను రొమ్ముకు హత్తుకుని వాకిట్లోకి వచ్చింది. "అమ్మనే అడుగుదాం. నీ చెవిలో చెబుతుంది కదా మారెక్కా, అడుగు. నా బిడ్డ కోసం ఒక్క కాయ ఇమ్మని అడుగు" అన్నది.

మారెక్కకు ఆ క్షణాన ఎంత తేలికైన దారి దొరికిందో చూడండి. "కోసుకోమంది" అని ఒక్క మాటంటే చాలు. అన్నది కూడా. "అడిగాను తల్లీ. కోసుకోమంది."

కానీ పెద్ద దొరసాని ఊరుకోలేదు. ముసలావిడకు మనవరాలి బిడ్డ మీద బెంగ. "ఉత్త మాట చాలదు. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు, అమ్మ కోసుకోమందని."

ఈ ప్రాంతంలో బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినవాళ్ళు లేరు. చెబితే ఆ బిడ్డకు ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు. మారెక్క చెయ్యి చాచింది. ఆ పసిదాని తల వెచ్చగా, తడిగా, ఆమె అరచేతిలో ఇమిడిపోయింది. బిడ్డ కళ్ళు తెరిచి చూసింది. మారెక్క చెయ్యి తీసేసుకుంది.

"చెప్పలేదు దొరసానీ" అన్నది. "ఇప్పుడూ చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు. అమ్మ లేదు, ఏమీ లేదు. పిట్టగూడు ఉంటే, కొట్టేస్తాడని నేనే గుడ్డ కట్టాను. ఆ కాయలు ఎవరివీ కావు. కోసుకోండి, త్వరగా కోసుకోండి. తర్వాత నన్నేం చేసినా సరే."

గుర్రప్పే ముందు తేరుకున్నాడు.

"నాతో గూడానా? నాతో గూడా అబద్ధమాడావంటే?"

"నీ ఒక్కడితోనే ఆడానయ్యా! మిగతా ఊరంతటికీ చెప్పింది నువ్వే గదా!"

దొర చేతికర్ర పైకి లేచింది. "ముందు కాయ, తర్వాత కోపం!" అన్నది పెద్ద దొరసాని. ఆ మాటలు పూర్తయ్యేలోపే కోనమ్మ గుర్రప్పను పక్కకు తోసి, పొదలో చెయ్యి పెట్టి కాయ తెంపింది.

సాన మీద అరగదీశారు. చనుబాలు కలిపారు. వేలికొసతో నాలుకకు రాశారు. దొర స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. మారెక్క గడప బయట, తన శిక్ష కోసం కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బిడ్డ పొట్టలో గుడగుడమని చప్పుడైంది. బిడ్డ కాళ్ళు ఒక్కసారి ముడిచి, జాడించి, ఆ వెంటనే, దొరగారి నట్టింట్లో, పెద్దలందరి సమక్షంలో, ఏ మాత్రం మొహమాటం లేకుండా వాయువు వదిలింది. గడప బయట ఉన్న మారెక్కకు కూడా వినపడింది. ఇంకోసారి వదిలింది. పిడికిళ్ళు విడిపోయాయి. పొట్ట మెత్తబడింది. రొమ్ము అందుకుని గుటకలు వేసుకుంటూ తాగి, తాగుతూనే నిద్రపోయింది.

దొర స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నవ్వో ఏడుపో తెలియనట్టుగా ఉంది ఆయన ముఖం. దీపాలు పెట్టేవేళ దాకా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

అప్పుడు మారెక్క సంగతి గుర్తుకొచ్చింది. "ఊరందరి చేతా మొక్కించావు. నా చేత కొబ్బరికాయ కొట్టించావు. నిన్నేం చెయ్యాలే?" అన్నాడు దొర.

"ఆగరా" అన్నది ముసలావిడ. "అది ఆ అబద్ధం ఆడకపోతే ఇవాళ మనకు కాయ ఏదీ? ఆడింది ఇదే, ఒప్పుకుంది. మరి ఆడించిందెవరు? ఆ అమ్మవారికి కూడా శిక్ష వేయగలిగితే వెయ్యి, చూస్తాను."

దొర చేతికర్ర పక్కన పెట్టాడు. మారెక్కను ఇంటికి పొమ్మన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మారెక్క అన్నం తిని, చాలా కాలం తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఆ నిద్రలో కల వచ్చింది. పొదలో ఒకావిడ తీరుబడిగా కూర్చుని ఉంది. ఎర్రచీర, దాని అంచు బూడిద కలిసిన నీలం. చెవులకు మెలికాయల కమ్మలు. జడలో తేనెపిట్ట తన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతోంది.

"ఏమే మారెక్కా, అబద్ధమాడావట."

"ఆడాను తల్లీ. నువ్వు లేకపోయినా ఉన్నావని చెప్పాను."

"అది కాదు. లేనప్పుడు ఉన్నానన్నావు, సరే. ఊరంతా కలిసి అంతలా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను? వచ్చాను. వచ్చి కూర్చున్నాక, నిన్న అందరి ముందూ నేను లేనని చెప్పావే, అదీ అబద్ధం!"

మారెక్క లెంపలు వేసుకుంది. "శిక్ష వెయ్యి తల్లీ" అన్నది.

"శిక్ష ఎందుకు? ఇన్నాళ్ళ బరువు దించేశాక గుండె ఎలా ఉంది?"

"ఊరటగా ఉంది తల్లీ."

"అదే నా పేరు. ఎవరైనా అడిగితే చెప్పు. నాకు గుడి కట్టవద్దు, గోపురం వద్దు. ఈ పొద మీద కత్తి పడనివ్వవద్దు. బిడ్డ కోసం కాయ కోయవచ్చిన తల్లి, ముందు తన గుండెలో మెలిపెడుతున్నది ఏదైనా ఉంటే నా దగ్గర విప్పాలి. తర్వాత కాయ కోసుకోవాలి" అని చెప్పి ఆవిడ పొదలోకి జరిగిపోయింది.

మారెక్క ఈ కల చెబితే, ఈసారి బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పమని ఎవరూ అడగలేదు. ఆమే వెళ్ళి, నిద్రపోతున్న బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పింది.

బారసాలకు వియ్యపురాలు వచ్చింది. కథంతా విని తెల్లబోయి, అమ్మవారి ముందు మొదట ఆవిడే కూర్చుంది. తమ ఇంట్లో తులసి కోట తప్ప తోటే లేదనీ, ఇంత అందమైన తోట చూసి కడుపు మండి ఆ రోజు మేక మాట అన్నాననీ చెప్పుకుంది. దొర విన్నాడు గాని విననట్టే ఊరుకున్నాడు. గుర్రప్పను మాత్రం పిలిచి, గుంజలూ దారమూ పొయ్యిలో పెట్టించాడు.

అప్పటి నుంచీ ఈ తోట పనికి ఒక పద్ధతి ఏర్పడింది. కాయ ఎండి రాలిపోయాక, ఎండలు ముదరకముందే, కంచె పొదలను కాస్త సవరిస్తారు. తొలకరి పడ్డాక మాత్రం ఏ పొద మీదా కత్తి పెట్టరు. అమ్మవారి పొద మీద ఏ కాలంలోనూ పెట్టరు. ఈ మొక్కను ఇంట్లో అందానికి పెంచుకోవాలని ముచ్చటపడే భక్తులకు దేవస్థానం వారు కార్యాలయం దగ్గర గింజలు ఇస్తారు. వేడినీళ్ళు పోసి, ఆ నీళ్ళు చల్లారి తెల్లవారేదాకా అందులోనే ఉంచి, మర్నాడు నాటండి. నీరు నిలవని ఎర్రనేల అయితే మరీ మంచిది. చిన్న కుండీలో పెట్టి అది పూయలేదని అమ్మవారిని అనవద్దు. రోజూ నీళ్ళు పోయకండి, గుర్రప్ప చేసింది మీరు చదివారు కదా. ఎదిగే కొమ్మను చూసి చేతులు దురద పెట్టినా కత్తెర పట్టకండి. రెండు మూడు వానాకాలాలు ఓపిక పడితే, మీ పెరట్లోకి తేనెపిట్ట తనంతట తాను వస్తుంది.

పసిబిడ్డలతో వచ్చే తల్లులకు ఒక మనవి. బిడ్డకు నలతగా ఉంటే ముందు డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే ఇక్కడికి రండి. ఈ రోజుల్లో కాయను బిడ్డ నాలుకకు రాయడం లేదు. ఉయ్యాలకు కడుతున్నారు, అంతే. అమ్మ దానికేమీ అనుకోదు.

ఇక విప్పి చెప్పుకునే ఆచారం మంగళ, శుక్రవారాల్లో ఇప్పటికీ జరుగుతోంది. తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద పొదకు ఎదురుగా కూర్చుంటుంది. ఆమె మాట వెనక వరుసలో ఉన్నవారికి వినపడకుండా డప్పు వాయిస్తారు. ఆమె లేచేదాకా డప్పు ఆగదు. అత్తగారితో ఆడిన అబద్ధాలున్న రోజున వాయించేవారి చేతులు పడిపోతాయని ఇక్కడ సరదాగా అంటుంటారు.

మొన్న కార్తీకంలో ఒక పడుచు తల్లి వచ్చింది. నెలల పిల్లవాడు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె అరుగు మీద కూర్చుంది గాని నోరు పెగల్లేదు. అంతసేపు ఊరికే కూర్చోవడం చూసి, ఆమె చెప్పుకోవడం అయిపోయిందనుకుని డప్పు వాయించే ఆయన ఆపాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు మాట వచ్చింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

"వీడు పుట్టినప్పుడు నాకు సంతోషం కలగలేదమ్మా. కలిగిందని అందరికీ చెప్పాను."

వరుసలో ఉన్న ఆడవాళ్ళలో ఒక్కరూ తల తిప్పి ఎవరి ముఖమూ చూడలేదు. చంకలో మనవణ్ణి ఎత్తుకున్న ఒక పెద్దావిడ మాత్రం, "వాయించవయ్యా, ఆపావెందుకు? ఆ పిల్ల ఇంకా చెప్పుకోవాలి" అన్నది. డప్పు మళ్ళీ మోగింది. ఆ అమ్మాయి చాలాసేపు చెప్పుకుంది. లేచి, కాయ ఒకటి కోసుకుని, రాతిగోడ నీడన కూర్చుని బిడ్డకు పాలు పట్టింది. వాడు తాగుతూ తాగుతూ నిద్రపోయాడు. వాడితో పాటే, గోడకు తల ఆనించి, ఆమె కూడా నిద్రపోయింది. వెనకున్న తల్లులు చెప్పులు చేతపట్టుకుని, చప్పుడు కాకుండా పక్కనుంచి నడిచారు. ఆ పూటకు డప్పు కూడా మెల్లగా వాయించారు.

మెలి ఎంత బిగిసినా విడిపించే ఊరటమ్మ తల్లి, ఈ పుస్తకం చదివినవారినీ, చదివించుకుని విన్నవారినీ, వారి ఇళ్ళలో ఏడ్చే పసివాళ్ళనూ, ఏడవలేని పెద్దవాళ్ళనూ చల్లగా చూచుగాక.